అంబాసిడర్ స్టీరింగ్ బాగు చేసుకున్నాను, ఒక షెడ్డులో మాటలు పడి మరీ

మాది కావలి. నాన్న కొన్న అంబాసిడర్, మార్క్ 4, ఇప్పటికీ నడుపుతున్నాను. ఏళ్ల తరబడి రోహిణి కార్తె ఎండలన్నీ ఆరుబయటే కాచింది. దాని స్టీరింగ్ లోపల ఇనుప కడ్డీ, పైన గట్టి ప్లాస్టిక్ పోత. ప్లాస్టిక్ ఎండి కుంచించుకుపోతుంది, ఇనుము కుంచించుకోదు. అందుకే మధ్యనుంచి వచ్చే అడ్డకడ్డీలు చక్రానికి కలిసేచోట పగిలి, ఆ అంచులు అరచేతికి గీసుకుంటున్నాయి.

కవర్ తొడిగించుకోమన్నారు. పగుళ్లు కనపడవంతే, పోవు. మలుపులో కవర్ జారిందంటే మన పని అయిపోయినట్టే. 2014లో ఈ బండి తయారీయే ఆగిపోయింది. పాత సామాన్ల షాపులో చూపించిన స్టీరింగులు మా దానికంటే అధ్వానం. బాగు చేయడమే నయం అనుకున్నాను.

స్టీరింగ్ ఊడదీయించడానికి నెల్లూరులో ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. మేస్త్రీ బండి చుట్టూ తిరిగి, "ఏంది సార్, ఇంకా దీన్ని మోస్తా ఉండారా? కేజీల లెక్కన ఇచ్చేయండి" అన్నాడు. కుర్రాళ్లంతా పగలబడి నవ్వారు. సరే, మింగేశాను. ఒకడు హారన్ బటన్ పీకి, నట్టు పూర్తిగా తీసేసి, మోకాళ్లతో చక్రాన్ని పైకి ఎత్తిపట్టాడు. ఇంకొకడు పెద్ద సుత్తితో, స్టీరింగ్ బిగించి ఉండే షాఫ్ట్ నెత్తిన బాదడం మొదలుపెట్టాడు. ఆ దెబ్బలకి మర అణిగిపోతుంది, కింద స్టీరింగ్ బాక్సు కూడా పాడవుతుంది. "ఆపు బాబూ, పుల్లర్ లేదా?" అన్నాను. దెబ్బ వేయకుండా, మర బిగించి చక్రాన్ని పైకి లాగే పనిముట్టు అది.

మేస్త్రీ అందరూ వినేటట్టు, "అన్నీ తెలిసినోళ్లు మా కాడికెందుకు సార్ రావడం?" అన్నాడు. అక్కడితో పని ఆపేశారు. బండిని ఎండలోకి నెట్టి, వెనక వచ్చిన వాళ్ల బళ్లన్నీ చూశారు. సాయంత్రందాకా నన్ను పలకరించిన నాథుడు లేడు. నట్టు నేనే బిగించుకుని ఇంటిదారి పట్టాను. పుల్లర్ కొనలేనివాడికి బోర్డు మీద 'స్పెషలిస్ట్' అన్న మాట ఎందుకో!

కావలిలో లేత్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్తే, "ఉండబ్బయ్యా, తొందరేముంది" అని ముందు బ్యాటరీ వైరు తీయించాడు. ముందు చక్రాలు తిన్నగా పెట్టి, షాఫ్ట్ మీదా స్టీరింగ్ మీదా కలిపి ఒక గీత గీశాడు. మళ్లీ బిగించేటప్పుడు వంకర రాకుండా. కిరోసిన్ పోసి నానబెట్టాడు. నట్టు మొత్తం తీయలేదు, రెండు మూడు చుట్లు ఉంచాడు. అలా ఉంచితే స్టీరింగ్ ఒక్కసారిగా ఊడి ముఖానికి తగలదు. రెండు కాళ్ల పుల్లర్ తగిలించి బిగిస్తే టక్కున వదిలింది.

మిగతాదంతా ఇంట్లో నేనే చేశాను. హ్యాక్సా బ్లేడుతో పగుళ్లను ఇనుము కనపడేదాకా వెడల్పు చేసి, తుప్పు గీకి, థిన్నర్‌తో తుడిచి, ఎపాక్సీ పుట్టీ కూరాను. రాత్రంతా ఆరాక 120, 220, చివర 400 నంబర్ గరుకు కాగితాలతో నున్నగా రుద్ది, ప్రైమర్, ఆపైన హార్డెనర్ కలిపిన నల్లరంగు కొట్టాను. పగులు ఎక్కడుందో ఇప్పుడు చూపిస్తే టీ ఇప్పిస్తానని మా బావమరిదితో పందెం కాశాను, కనుక్కోలేకపోయాడు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారుకి మాత్రం ఈ ప్రయోగాలు చేయకండి, ప్రాణం మీదికొస్తుంది.

హారన్ ఒక పక్క నొక్కితేనే మోగుతోంది. ఆ వైరు సంగతి ఇంకా చూడాలి.