చేరి కొలుతు: మెదడు గాయం తర్వాత ఒక చిన్ననాటి పద్యం

చేత వెన్నముద్ద చెంగల్వపూదండ
బంగరు మొలతాడు పట్టుదట్టి
సందె తాయెతులును సరిమువ్వ గజ్జెలు
చిన్నికృష్ణ నిన్ను చేరి కొలుతు

అర్థం తెలియక ముందే నోటికొచ్చే పద్యం ఇది. తలకు దెబ్బ తగిలో, పక్షవాతం వచ్చో "నీళ్లు" అన్న చిన్న మాటకే తడుముకునేవాళ్లలో కొందరు, పక్కనెవరైనా "చేత వెన్నముద్ద" అని ఎత్తుకుంటే "చెంగల్వపూదండ" అని అందుకుంటారు. ఇంట్లోవాళ్లు దాన్ని దైవలీల అంటారు. ఆ లీల నడిచే దారి కూడా తెలిస్తే రోగికి మరింత మేలు.

అప్పటికప్పుడు కూర్చుకునే మాటకు చాలామందిలో మెదడు ఎడమ భాగం కావాలి. అంకెలు, వారాల పేర్లు, పద్యాల వంటి వందలసార్లు వల్లించిన వరసలు పూర్తిగా ఆ ఒక్క దారినే నమ్ముకోవు. అందుకే ఎడమవైపు దెబ్బతిన్నా అవి కొంత నిలుస్తాయి. జ్ఞాపకాలదీ ఇంచుమించు ఇదే తీరు. కొత్తవి ముందు చెదురుతాయని, పాతవి ఎక్కువకాలం నిలుస్తాయని ఫ్రెంచి పరిశోధకుడు థియోడ్యూల్ రిబో 1881లోనే రాశాడు. గాయానికి ముందు నెలలు చెరిగిపోయినవారికి కూడా పసితనం మిగిలి ఉండవచ్చు. అందరికీ ఇలాగే ఉంటుందని మాత్రం కాదు.

కోలుకునేవారిని లోలోపల తినేసే దిగులు ఒకటుంది: "పాత నేను ఎప్పుడు తిరిగొస్తాను?" వాళ్లు వెతికే ఆ పాత నేను ఉద్యోగం చేసినవాడు, లెక్కలు చూసినవాడు, చకచకా మాట్లాడినవాడు. వాడికంటే పాతవాడు ఒకడున్నాడు, ఈ పద్యం నేర్చుకున్న పసివాడు. వాడికి ఏ పనీ రాకపోయినా కొలవడం వచ్చు. పద్యం అడిగేది కూడా అంతే. అందులో "తిరిగి ఇయ్యి" అన్న మాట లేదు, "చేరి కొలుతు" అని ఉంది. చేరడం అంటే దగ్గరికి వెళ్లడం. ఈ రోజు ఎంత దూరం వెళ్లగలిగితే అంత.

పద్యం వరసే చూడండి: చెయ్యి, మెడ, నడుము, దండచేతులు, పాదాలు. సాధనకు ఇంతకంటే మంచి క్రమం దొరకదు. పొద్దున, నిద్ర తీరాక, పది నిమిషాలు చాలు. టీవీ, ఫోను కట్టేయాలి. వీపుకు ఆనుడున్న కుర్చీలో, రెండు పిరుదుల మీద బరువు సమంగా పడేలా, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టాలి. బలహీనపడిన చెయ్యి కంటికి కనబడేలా ఒడిలో, వెన్నముద్ద పట్టుకున్నట్టు అరచెయ్యి పైకి ఉండాలి. ఆ చేతిని పట్టి లాగకూడదు. పట్టు తప్పిన భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. ఎడమవైపును మెదడు గుర్తించని వారికి ఈ మొదటి మాటే పెద్ద పని. "చేత" అన్నప్పుడు కుడిచేత్తో ఎడమ అరచేతిని వెతికి తాకాలి. మెడ, నడుము సులువు. "సందె తాయెతులు" దగ్గర ఒక్కో చేత్తో ఎదుటి దండచేతిని తాకాలి. "గజ్జెలు" దగ్గర వంగనక్కర్లేదు. వంగితే తల తిరుగుతుంది, ఆపరేషన్‌లో తీసిన పుర్రె ఎముకను ఇంకా తిరిగి పెట్టనివారికైతే పడితే ప్రమాదం. పాదంతో నేల మీద చిన్నగా తట్టినా మువ్వే.

ఇది ఆటవెలది, నడక దానికదే వస్తుంది. మాట రానివారికి దీన్ని రాగంగా, సగం వేగంతో, అక్షరానికి ఒకసారి ఎడమచేత్తో తొడ మీద తడుతూ చెప్పించాలి. ఆ చెయ్యి లేవకపోతే తోడున్నవారు దాన్ని పట్టుకుని తట్టాలి. మొదటి పాదంలో పన్నెండు అక్షరాలు, పన్నెండు తట్లు. మొదట ఇద్దరూ కలిసి, తర్వాత తోడున్నవారు గొంతు తగ్గిస్తూ, ఆ తర్వాత పాదం చివరి మాట మాత్రం వదిలేస్తూ.

"గుర్తుందా? చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టడమే ఎక్కువమంది చేసే పొరపాటు. జ్ఞాపకశక్తి దెబ్బతిన్నవారు ఊహించి తప్పు చెబితే, తాము తప్పు చెప్పామన్న సంగతి మరిచిపోతారు, తప్పు మాట మాత్రం నిలిచిపోతుంది. తడబడక ముందే అందించాలి. ఒకే మాట పదేపదే వస్తుంటే ఆపేసి, అర నిమిషం మౌనంగా కూర్చుని, చేతి పని వైపు మళ్లించాలి.

పద్యం గడగడా వచ్చిందంటే భాష తిరిగొచ్చిందని కాదు. పద్యంలోంచి మాటను బయటికి తేవాలి: "చేతిలో ఏముంది?" అని అడిగి "వె..." అని అందిస్తే, "వెన్న" అనడం కొత్త మెట్టు. ఈ భాగం స్పీచ్ థెరపిస్టుతో కలిసి చేస్తేనే బాగుంటుంది.

పూజ సంగతులు కొన్ని. తల గాయంతో వాసన పోవడం తరచుగా జరుగుతుంది. కాలుతున్న గుడ్డ వాసన కూడా తెలియదు. మూర్ఛ వచ్చే అవకాశమూ ఉంటుంది. కాబట్టి దీపం, హారతి ఒంటరిగా వద్దు. మింగడం కష్టమైనవారిలో చాలామందికి ఎక్కువ ప్రమాదం పల్చని నీళ్లే, తీర్థం కడుపులోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, కళ్లకద్దుకుంటే చాలు. ఉపవాసం పేరుతో మూర్ఛ మందు మానకూడదు. గంట మోత తలనొప్పి తెస్తే గంట వద్దు.

పద్యం వినగానే కొందరు వెక్కి వెక్కి ఏడుస్తారు. అది భక్తి కావచ్చు, దుఃఖం కావచ్చు, ఏడుపును అదుపు చేసే దారి దెబ్బతిన్నందువల్లా కావచ్చు. ఓదార్పు మాటలు గుప్పించకుండా, నెమ్మదిగా ఊపిరి వదలమని, కూర్చున్న తీరు కొద్దిగా మార్చమని చెబితే సాధారణంగా తగ్గుతుంది. మరొక్కటి: బాల్యాన్ని పిలుస్తున్నామని పెద్దవారితో పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడకండి. పద్యంలో చిన్నవాడు కృష్ణుడు. కొలిచేవారు ఎప్పటిలాగే "మీరు".

అలసట ముందు కళ్లలో కనిపిస్తుంది. చూపు నిలవకపోయినా, ఆవలింతలు వచ్చినా, చిరాకు మొదలైనా ఆపేయాలి. రెండో పాదం దగ్గర ఆగినా సరే, తోడున్నవారు చివరి పాదం తామే చెప్పి, "చేరి" దగ్గర ఒక్క క్షణం ఆగాలి. కొన్నిసార్లు అక్కడ "కొలుతు" వినిపిస్తుంది.