కాక్‌టెయిల్ పంజరం కబుర్లు: అడుగు జాలీ మళ్ళీ తుప్పు పట్టింది

మళ్ళీ వచ్చింది. మా కాక్‌టెయిల్ (తల మీద కుచ్చు ఉండే చిన్న ఆస్ట్రేలియా చిలక) బుల్లోడి పంజరంలో, రెట్ట పడే ట్రేకి పైనుండే అడుగు జాలీ మీద, పోయినసారి గీకి బాగుచేసిన చోటికి సరిగ్గా పక్కన, ఆవగింజంత గోధుమరంగు చుక్క. గోరుతో నొక్కితే పూత పొక్కులా లేచింది. సూదితో విప్పి చూస్తే పైకి కనిపించే చుక్క 1 మిల్లీమీటరే, దాని చుట్టూ 6 మిల్లీమీటర్ల మేర పూత కింద ఇనుము నల్లబడిపోయి ఉంది. వానాకాలం ఇంకా సగం కూడా కాలేదు. కోనసీమలో చౌక పంజరం కొనేవాళ్ళు సైజు గురించి, రంగు గురించి తర్వాత ఆలోచించొచ్చు. ముందు చూడాల్సింది ఈ అడుగు జాలీనే.

పంజరం సంగతి క్లుప్తంగా చెబుతాను. 24 అంగుళాల పొడవు, 18 లోతు, 24 ఎత్తు. ఊచల మధ్య ఖాళీ 12 మిల్లీమీటర్లు. రాజమండ్రిలో కొన్నాను, బేరమాడితే రెండు వేల లోపే వచ్చింది. అదే డబ్బుకి గోపురం కప్పుతో, బంగారు రంగులో మెరిసిపోయే గుండ్రటి పంజరం కూడా చూపించారు. గుండ్రటివి నాకు గిట్టవు. పక్షికి ఒదగడానికి మూల ఉండదు, పైన ఊచలన్నీ ఒక చోట కలిసే దగ్గర కాలివేళ్ళు ఇరుక్కుంటాయి, పొడవేమో చాలదు. కాక్‌టెయిల్ ముక్కు నుంచి తోక చివరిదాకా ఒక అడుగు పైనే ఉంటుంది. అది ఎగిరేది అడ్డంగా, నిలువుగా కాదు. నేను వెర్నియర్ (సన్న కొలతలు తీసే పనిముట్టు) తీసి ఊచల మధ్య ఖాళీ కొలుస్తుంటే షాపాయన నవ్వాపుకోలేకపోయాడు. "ఆయ్, మీకు పక్షి పంజరం కావాలాండీ, ఇనప సామాన్లు కావాలాండీ?" అన్నాడు. ఫెర్‌ప్లాస్ట్ లాంటి ఇటలీ పంజరాలు ఆన్‌లైన్‌లో చూశాను. ప్లాస్టిక్ పని ముచ్చటగా ఉంటుంది గానీ, నా బడ్జెట్‌లో వచ్చేవాటిలో బుల్లోడు రెక్క చాపడానికే చోటుండదు.

మిగతావన్నీ కుదిరాయి. తలుపుకి స్టీల్ తాళాల రింగు, వాలడానికి పెరట్లోని జామ కొమ్మలు, గింజల పొట్టు బయటికి ఎగరకుండా మూడు వైపులా పారదర్శక షీటు. వీటిలో దేనితోనూ పేచీ లేదు.

పేచీ అంతా జాలీతోనే. దాని ఊచలు పూతతో కలిపి 2.2 మిల్లీమీటర్లు, పూత గీకేస్తే 2.0. అంటే పూత మందం ఒక్కో వైపు 0.1. చౌక పంజరానికి అది తక్కువేమీ కాదు. కింద అడ్డంగా మూడు దిట్టమైన కడ్డీలు ఉంటాయి, సన్న ఊచలన్నీ వాటి మీద వెల్డింగ్ చేసి ఉంటాయి. ఇప్పటిదాకా పట్టిన తుప్పంతా ఆ వెల్డింగ్ కూడళ్ళ దగ్గరే మొదలైంది. కూడలికి కాస్త దూరంగా, ఊచ మధ్యలో మొదలైన చుక్క ఒక్కటి కూడా లేదు. మూడు కడ్డీల్లో మధ్యదాని మీద ఎక్కువ, గోడవైపు దాని మీద బాగా తక్కువ. మధ్య కడ్డీకి సరిగ్గా పైన బుల్లోడు రాత్రి పడుకునే కొమ్మ ఉంది.

కూడళ్ళే ఎందుకు అన్నదానికి ఒక కారణం పూత వేసే పద్ధతిలోనే ఉంది. పౌడర్ కోటింగ్‌లో పొడికి కరెంటు చార్జి ఇచ్చి ఇనుము మీదికి చల్లుతారు, తర్వాత ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర కాల్చి కరిగిస్తారు. ఇరుకు మూలల్లోకి ఆ చార్జి పొడి సరిగ్గా వెళ్ళదు, పక్కనున్న అంచులకే అంటుకుంటుంది. దాన్ని ఫారడే కేజ్ ఎఫెక్ట్ అంటారు. పంజరానికే ఈ జబ్బు రావడం చూసి నవ్వొచ్చింది. రెండు ఊచలు కలిసే సందులో పూత పలచన, అక్కడే తడి నిలుస్తుంది. ఇంతవరకు నాకు అనుమానం లేదు.

ఆ తడిలో ఏముంది అన్నదే తేలడం లేదు. మా బోరు నీళ్ళు ఉప్పు. కాలువలు పారినన్నాళ్ళూ కుళాయిలో గోదావరి నీళ్ళు వస్తాయి గనుక ట్రే, జాలీ వాటితోనే కడిగేవాణ్ణి. వేసవిలో కాలువలు కట్టేశాక బోరే దిక్కయింది, మొదటి చుక్కలు కనిపించింది కూడా ఆ తర్వాతే. అందుకని తప్పంతా ఉప్పుదే అనుకున్నాను. దానికి తోడు సముద్రం గాలి.

తేల్చుకుందామని పంజరంతో పాటు ఇచ్చిన నడిమి అడ్డుజాలీని ముక్కలు చేశాను. అదే ఊచ, అదే పూత, ఒంటరి పక్షికి దానితో పనేమీ లేదు. కోసిన చివర్లు వెంటనే తుప్పు పడతాయి కాబట్టి వాటిని కరిగించిన కొవ్వొత్తి మైనంలో ముంచాను. ఒక ముక్కని ఊరికే వరండాలో వేలాడదీశాను. ఒకదాని మీద రోజూ బోరు నీళ్ళు చల్లాను, ఇంకోదాని మీద ఆర్వో నీళ్ళు. నాలుగోదాన్ని బోరు నీళ్ళతో తడిపి వెంటనే తుడిచి ఎండలో పెట్టాను. ఐదోదాన్ని తడి న్యూస్ పేపర్ మీద పెట్టి, రోజూ కాస్త రెట్ట పూసి ఉంచాను.

వరండా ముక్కకి ఏమీ కాలేదు. వాయుగుండం పట్టి రోజుల తరబడి జల్లు కొట్టినప్పుడు కూడా మెరుస్తూనే ఉంది. కాబట్టి సముద్రం గాలిని వదిలేశాను. బోరు నీళ్ళది కూడళ్ళ దగ్గర తుప్పు పట్టింది, ఆర్వోది పట్టలేదు. తుడిచి ఎండబెట్టినదీ బాగానే ఉంది. అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా ఎక్కువగా పాడైంది రెట్ట పూసిన ముక్క. అసలు దానికి ఉప్పునీళ్ళే తగల్లేదు, న్యూస్ పేపర్ తడిపింది ఆర్వో నీళ్ళతోనే. పక్షి రెట్టలో తెల్లగా ఉండేది యూరిక్ ఆమ్లం, అదేమంత ఘాటైన ఆమ్లం కాదు. కానీ అది ఎండి కూడలిలో పెచ్చులా అతుక్కుని, కింద తడిని పట్టి ఉంచుతుంది. పెచ్చు తీసి చూస్తే రెండోరోజు కూడా లోపల చెమ్మగానే ఉంది.

దీంతో కథ ముగిసిపోవాలి. రోజూ రెట్ట తుడిచి, ఆర్వో నీళ్ళతో కడిగి ఆరబెడితే చాలు కదా. అదే చేశాను. ఉన్న చుక్కలన్నీ సన్న ఎమెరీ కాగితంతో తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్దాను. హార్డ్‌వేర్ షాపులో రెడ్ ఆక్సైడ్ వేసి పైన ఎనామిల్ కొట్టమన్నారు. కిటికీలకైతే సరే, ఊచలు కొరికే పక్షి ఉన్న చోట ఆ రంగు వేయను. దాంట్లో ఏముందో డబ్బా మీద రాయరు, అది ఊడితే పోయేది బుల్లోడి పొట్టలోకే.

అమ్మ కొబ్బరి నూనె రాయమంది. కోనసీమలో ప్రతిదానికీ కొబ్బరి నూనే మందు. గుడ్డతో పలచగా రాశాను, మొదట్లో అద్భుతంగా ఉంది, నీటిచుక్క వేస్తే జారిపోయింది. కానీ కాక్‌టెయిల్ ఒంటి నుంచి తెల్లటి పొడి రాలుతూనే ఉంటుంది. నూనె, ఆ పొడి, కొర్రల పొట్టు మూడూ కలిసి జాలీ మీద బూడిదరంగు ముద్ద తయారైంది. తర్వాత చీమలు. పంజరం కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేసరికి వాటిలో దోమలు. మొత్తం సబ్బుతో కడిగేశాను, కొబ్బరి నూనె మళ్ళీ కూరల్లోకి వెళ్ళిపోయింది. "పక్షి కన్నా పంజరానికే ఎక్కువ సేవ చేస్తున్నావురా" అంది అమ్మ.

ఇంత చేశాక కూడా ఇవాళ కొత్త చుక్క. అది కూడా రుద్దిన చోట కాదు, దాని పక్కన మొన్నటిదాకా బాగానే ఉన్న పూత కింద. ప్రస్తుతానికి నా అంచనా ఇది: తుప్పు ఒకసారి పూత కిందికి దూరితే పైన ఎంత తుడిచినా లాభం లేదు, లోపల్లోపల పాకుతుంది. నేను రుద్దిన ప్రతిచోటా పూతకి కొత్త అంచు తయారైంది, చెమ్మ ఆ అంచు కిందికే పోతోంది. ఇంకో అనుమానం కూడా ఉంది. బుల్లోడు కిందికి దిగినప్పుడు మధ్య కడ్డీని ముక్కుతో నమలడం చూశాను, కూడళ్ళ దగ్గర సన్న గాట్లు ఉన్నాయి. కానీ గోడవైపు కడ్డీ మీదా గాట్లున్నాయి, తుప్పు మాత్రం లేదు. కాబట్టి కొరకడం ఒక్కటే కారణమని చెప్పలేను.

ఇక జాలీనే తీసేశాను. రెట్ట నేరుగా ట్రేలో కాగితం మీద పడుతుంది, రోజూ కాగితం మారిస్తే సరి. నిజానికి చాలామంది కాక్‌టెయిల్ పెంచేవాళ్ళు అలాగే చేస్తారు. కానీ ఈ మోడల్‌లో జాలీ తీస్తే ముందు వైపు ట్రే అంచుకీ కింది ఊచకీ మధ్య 28 మిల్లీమీటర్ల సందు తేలుతుంది. పక్కలంతా 12 కొలిచి కొన్న పంజరానికి కింద 28! బుల్లోడి తల సులువుగా దూరుతుంది, భుజాలు ఇరుక్కుంటే ఇంకా ప్రమాదం. వడ్రంగి దగ్గర పారేసిన టేకు ముక్క చెక్కించి అడ్డు కడితే బుల్లోడు రాత్రికి రాత్రే దాని అంచు కొరికి పొట్టు చేసి పెట్టాడు. వెదురు బద్ద కాస్త ఎక్కువ ఆగింది గానీ చీలికలు లేచి ముళ్ళలా తయారైంది. తీసేసి, తాత్కాలికంగా జాలీనే మళ్ళీ పెట్టాను. చుక్క ఉన్న కూడళ్ళ మీద జామ చెక్క పలక వేశాను, ముక్కు అందకుండా.

ఎదురింటి మావయ్యగారు ఇదంతా చూసి, ఆస్ట్రేలియా పిట్టకి ఇంత హంగామా దేనికి, మన రామచిలకని తెచ్చుకోవాల్సింది అన్నారు. రామచిలకని పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమండీ అంటే నమ్మలేదు. ఎవరో సంతలో అమ్మారట. అమ్మితే మాత్రం నేరం కాకుండా పోతుందా.

ఇంకొందరు పంజరం మానేసి జీఐ వెల్డ్ మెష్‌తో సొంతంగా కట్టుకోమన్నారు. అరంగుళం గడి మెష్ అడుగుల లెక్కన దొరుకుతుంది, మూడడుగుల పొడవు కట్టుకున్నా దీనికన్నా తక్కువే అవుతుంది, తుప్పు గొడవా వెంటనే ఉండదు. కానీ జీఐ అంటే జింకు పూత. చిలకజాతి పక్షి ఎక్కేదీ దిగేదీ ముక్కుతో పట్టుకునే. ఆ పూత, దాని మీద లేచే తెల్ల పొడి కడుపులోకి పోతే విషం. వెనిగర్‌తో తోమితే వదులుగా ఉన్న పొడి పోతుంది, పూత పోదు. కోళ్ళకి ఆ మెష్ బంగారంలా పనికొస్తుంది, అవి ఊచలు నమలవు. బుల్లోడికి వద్దు.

మిగిలింది స్టెయిన్‌లెస్ స్టీలు. పంజరం మొత్తం స్టీలులో చేయిస్తే అది చౌక పంజరం కాదు, దాని ధరకి కాక్‌టెయిల్స్ గుంపునే కొనొచ్చు. కానీ ముందు సందుకి ఒక పట్టీ, వీలైతే జాలీ ఒక్కటీ చేయిస్తే? అమలాపురంలో మెట్ల రెయిలింగులు చేసే మేస్త్రిని 304 గ్రేడు స్టీలుతో చేస్తారా అని అడిగాను. "304 ఏంటండీ బాబూ, ఇళ్ళకి అందరికీ 202యే ఏత్తాం, అయస్కాంతం ఎట్టి చూస్కోండి, అంటుకోదు" అన్నాడు. అంటుకోదు, నిజమే. కానీ 304కీ అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షతో ఏదీ తేలదు. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం దగ్గర ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు, అందుకే చవక, ఉప్పు తగిలితే త్వరగా మచ్చలు పడేది కూడా అందుకే. బోరు నీళ్ళు, రెట్ట రెండూ ఉన్న చోట 202కి డబ్బు పెట్టను. గ్రేడు చూపించే చుక్కల మందు తన దగ్గర ఉందని చివరికి ఒప్పుకున్నాడు. నా ఎదురుగానే వేసి చూపించమన్నాను.

పట్టీ 1.2 మిల్లీమీటర్ల రేకు, 35 మిల్లీమీటర్ల వెడల్పు, అంచులు లోపలికి మడిచి. రెండు చివర్లా బోల్టులు, అవీ స్టీలువే, లేకపోతే తుప్పు వాటికి మారుతుంది. పట్టీ కుదిరితే జాలీ అటకెక్కుతుంది, జాలీ చేయించే ఖర్చూ మిగులుతుంది. ఆ డబ్బుతో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి చిన్న ప్రయాణపు పంజరం చూడాలి. ప్లాస్టిక్ పిల్లి బుట్టకి జామ కొమ్మ బిగిస్తే సరిపోతుందని ఒక ఆలోచన ఉంది. పక్కింటి పిల్లలు లవ్ బర్డ్స్ జత కావాలని గొడవ చేస్తున్నారు, వాళ్ళ నాన్న కూడా పంజరం నన్నే చూడమన్నారు. వాటి తల ఇంకా చిన్నది. ఊచల మధ్య 12 దాటకుండా, జాలీ తీసినా సందు రాకుండా ట్రే ఉన్న మోడల్ వెతకాలి. ఈసారి షాపులో ముందు జాలీ బయటికి లాగించి, ఆ తర్వాతే బేరం మొదలుపెడతాను.