ఎన్ని ఎం.ఎల్. అని అడిగే ముందు సీసా చూడండి

వానాకాలం మొదలైందంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ మెసేజ్ ఖాయం. "బాబుకి 101 జ్వరం, పారాసిటమాల్ ఎంత వేయాలి?" నిమిషం తిరక్కుండానే జవాబులు మొదలు. "5 ఎం.ఎల్. వేసేయండి." "మావాడికి కూడా డాక్టర్ 5 అనే చెప్పారు." బాబు బరువెంత అని అడిగేవాళ్ళు లేరు, ఏ సీసా అని అడిగేవాళ్ళు అసలే లేరు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

మెడికల్ షాపులో పిల్లల పారాసిటమాల్ ముఖ్యంగా మూడు రకాలుగా దొరుకుతుంది. ఒకదాంట్లో 5 ఎం.ఎల్.కి 120 మిల్లీగ్రాముల మందు ఉంటుంది (కొన్నిట్లో 125), ఇంకోదాంట్లో 5 ఎం.ఎల్.కి 250. మూడోది చంటిపిల్లల డ్రాప్స్, అందులో ఒక్క ఎం.ఎల్.లోనే 100 ఉంటుంది. చాలాసార్లు పేరు ఒకటే, పక్కన అంకె మాత్రమే వేరు. ఇప్పుడు ఆ గ్రూపులో చెప్పిన 5 ఎం.ఎల్. తీసుకోండి. మొదటి సీసాలోంచి పోస్తే 120, రెండోదాంట్లోంచి పోస్తే 250, డ్రాప్స్ సీసాలోంచి పోస్తే 500, అంటే మనం తలనొప్పికి వేసుకునే మాత్రంత! బుజ్జి సీసా కదా, పాపాయిలది కదా, పలచగా ఉంటుందిలే అనుకుంటాం గానీ ఉల్టా, అన్నిటికన్నా ఘాటైంది అదే.

డాక్టర్లు మామూలుగా లెక్కేసేది కిలో బరువుకి, ఒక్కో డోసుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 12 కిలోల పాప అనుకోండి, 15 చొప్పున 180 అవుతుంది. 120 సీసా అయితే 7.5 ఎం.ఎల్., 250 సీసా అయితే 3.6, డ్రాప్స్ అయితే 1.8. డోసుకీ డోసుకీ మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి, రోజు మొత్తంలో నాలుగు సార్లు దాటకూడదు. మీ పిల్లల లెక్క మాత్రం మీ డాక్టర్ చేతే రాయించుకోండి, అదీ ఇప్పటి బరువుకి, పోయినేడాది చీటీ పనికిరాదు. మూడు నెలలు నిండని బిడ్డకి జ్వరం 100.4 ఉందంటే సీసా పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

మా ఇంట్లోలాగా ఇద్దరూ ఆఫీసులకి వెళ్ళి పిల్లలు నానమ్మ దగ్గరుంటే ఇంకో చిక్కుంది. అమ్మ పొద్దున వేసి వెళ్తుంది, అది తెలియక నానమ్మ మళ్ళీ వేస్తుంది. అందుకే మేము సీసా మీదే స్కెచ్ పెన్నుతో టైమ్ రాసేస్తాం. కొన్ని జలుబు సిరప్‌లలో కూడా పారాసిటమాల్ ఉంటుందని చాలామందికి తెలియదు, జ్వరానికొకటి జలుబుకొకటి అని రెండూ పోస్తే ఒకే మందు రెండింతలు లోపలికి వెళ్తుంది, ఆ భారం పడేది లివర్ మీద. వెనక లేబుల్ మీద సన్న అక్షరాల్లో ఉంటుంది, ఫోన్‌తో ఫొటో తీసి జూమ్ చేసుకుని చదవండి.

అసలు చిన్నపిల్లలకి దగ్గు మందులు ఎందుకు? 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా దగ్గర కోల్డ్‌రిఫ్ అనే దగ్గు సిరప్ తాగి పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు, అందులో డైఈథిలీన్ గ్లైకాల్ అనే విషం తేలింది. అప్పుడే కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ళలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు వద్దనీ, ఐదేళ్ళలోపు వాళ్ళకి కూడా సాధారణంగా అక్కర్లేదనీ చెప్పింది. అయినా షాపుకెళ్ళి "అన్నా, పిల్లాడికి దగ్గు" అంటే చాలు, సీసా చేతిలో పెట్టేస్తారు.

ఇంకోటి. మన దగ్గర ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా జ్వరం అంటే ముందు డెంగీ గుర్తు రావాలి. ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ వేస్తే జ్వరం టక్కున దిగుతుందని ఇళ్ళల్లో దాచుకుంటారు, డెంగీలో వాటివల్ల రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. డాక్టర్ చూసేదాకా పారాసిటమాల్ ఒక్కటే. ఆస్పిరిన్ అయితే డాక్టర్ రాస్తే తప్ప పిల్లలకి ఎప్పుడూ వద్దు.

ఇక పట్టించడం. మా అత్తయ్యది పాత పద్ధతి, కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో పోసి, ముక్కు మూస్తే అదే మింగుతుందంటారు. ఏడుస్తున్న పిల్ల గట్టిగా గాలి పీలిస్తే ఆ మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది అత్తయ్యా అంటే, "మిమ్మల్నందర్నీ అలాగే పెంచాం" అన్నారు. వాదన మానేసి సూది లేని సిరంజి తెచ్చి ఆవిడ చేతికే ఇచ్చాను. పిల్లని ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని, సిరంజి కొసని బుగ్గ లోపలి వైపు ఆనించి, కొంచెం నొక్కి, మింగాక మళ్ళీ కొంచెం. గొంతులోకి సూటిగా చిమ్మకూడదు. మందు లాగేటప్పుడు బుడగలుంటే వేలితో తట్టి పైకి తోసేయాలి, లేకపోతే గీత దాకా ఉన్నట్టే కనిపిస్తుంది గానీ మందు తక్కువుంటుంది. ఇప్పుడు అత్తయ్యే పక్కింటివాళ్ళకి నేర్పిస్తున్నారు, నా పేరు మాత్రం చెప్పరు. వంటింటి స్పూన్లు వద్దే వద్దు, ఏ రెండూ ఒక సైజు ఉండవు.

విరేచనాలప్పుడు ఓఆర్‌ఎస్ పొడి కొనండి, డబ్బా జ్యూస్ కాదు. తియ్యటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మడం మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు, చివరికి 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. గ్లాసుకి చిటికెడు లెక్క కుదరదు.

ఇవన్నీ చూసుకుంటాం సరే, తాతయ్యల మాత్రల డబ్బా సంగతి? టీవీ పక్కనే ఉంటుంది, రంగురంగులుగా. షుగర్ మాత్రల్లో కొన్ని ఒక్కటి మింగినా చంటిపిల్లల్లో గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోతుంది. పై అరలో పెట్టి తాళం వేయండి. ఒకవేళ మింగేశారని అనుమానం వచ్చినా ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించొద్దు, 108కి ఫోన్ చేయండి, ఆ స్ట్రిప్పు కూడా చేత్తో పట్టుకెళ్ళండి, అందులో ఎన్ని ఖాళీ అయ్యాయో డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.