వంకర మోచేయి, టైటానియం ప్లేటు

వంకర ఎముకని కోసి సరిచేసే ఆపరేషన్లకి పేషెంటు ఎముకకి తగ్గట్టు గైడు, ప్లేటు త్రీడీ ప్రింటు చేస్తాం. ఈరోజు వచ్చిన రెండు సీటీ స్కాన్లలో ఒకటి పక్కన పెట్టేశాం. స్లైసు మందం 3 మిల్లీమీటర్లు. రిపోర్టుకి అది చాలు గానీ, ఎముక మీద అతికినట్టు కూర్చుని ఎక్కడ కోయాలో చూపే గైడుకి చాలదు, మోడల్ మెట్లు మెట్లుగా వస్తుంది. 1 మిల్లీమీటరు లోపు ఉండాలి, రెండు చేతులకీ స్కాన్ తీయాలి. స్కానర్‌లో రా డేటా చెరిపేయకపోతే పేషెంటుని మళ్లీ పిలవక్కర్లేదు, సన్న స్లైసులుగా మళ్లీ తీసిస్తారు. అందుకే స్కాన్ తీసినవాళ్లకి ఫోను వెంటనే చేసేయాలి.

రెండోది మోచేయి కేసు. చిన్నప్పుడు మోచేతికి కాస్త పైన విరిగి వంకరగా అతుక్కున్న హ్యూమరస్, అంటే భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక. బాగున్న చేతి మోడల్‌ని కుడిఎడమలు తిప్పి, వంకర ఎముక పైభాగం మీద పెడితే కిందిభాగం ఎంత తేడాగా ఉందో తెలిసిపోతుంది. ఎక్స్‌రేలో లోపలి వంపు కొలవచ్చు, మెలిక మాత్రం సరిగ్గా చిక్కదు. బయటివైపు నుంచి చీలిక ఆకారంలో ఎముక ముక్క తీసి ఆ ఖాళీ మూసేస్తే చాలనుకుంటారు. కింది ముక్కని కాస్త లోపలికి జరపకపోతే చెయ్యి తిన్నగా అయినా బయటివైపు ఎముక బొడిపెలా పొడుచుకొస్తుంది.

సగం రోజు గైడుకే పోయింది, పోవాలి కూడా. ప్లేటు ఎంత బాగా ప్రింటయినా గైడు 2 మిల్లీమీటర్లు జారితే అంతా వృథా. నున్నటి షాఫ్టు (ఎముక నడిమి కాడ) మీద అది జారుతుంది, బయటి అంచు గట్టుని పట్టుకోవాలి. సీటీ మోడల్లో పెరియాస్టియం (ఎముకని కప్పే పొర) ఉండదు, ఆపరేషన్లో ఉంటుంది. అక్కడ గీకి శుభ్రం చేయకపోతే గైడు ఎత్తుగా నిలబడిపోతుంది. రంపం బ్లేడు మందం ముందే అడగాలి: ప్రతి కోతా అంత ఎముకని తినేస్తుంది, అది లెక్కలో లేకపోతే చీలిక పెద్దదవుతుంది. స్క్రూ రంధ్రాలు కోయకముందే గైడులోంచి వేయించాలి. తర్వాత ప్లేటు అవే రంధ్రాలకి బిగిస్తుంటే ఎముకే సరైన చోటికి వస్తుంది.

ప్లేటు టీఐ-6ఏఎల్-4వీ అనే టైటానియం మిశ్రలోహం పొడితో. హీట్ ట్రీట్‌మెంట్ అవకుండా బిల్డ్ ప్లేటు (ప్రింటు చేసే అడుగు పలక) నుంచి కోస్తే విల్లులా లేస్తుంది. స్క్రూ మరలు ప్రింటులో నమ్మకూడదు, రంధ్రం చిన్నదిగా ప్రింటు చేసి మెషినింగ్‌లో తీయాలి. గైడు నైలాన్‌ది, 134 డిగ్రీల ఆటోక్లేవ్ (క్రిములు చంపే ఆవిరి యంత్రం) తట్టుకుంటుంది. చూసుకోడానికి పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో చేసిన బొమ్మని పొరపాటున అందులో పెడితే మెత్తబడిపోతుంది.

ప్రింటుకి పంపేముందు గైడు మీద, ప్లేటు మీద "ఎడమ" అని చెక్కించాం. తిప్పిన మోడల్ కూడా అదే ఫోల్డర్లో ఉంది మరి.