పట్టుకున్న చేయి, పలకని మాట

ఆదివారం కావడంతో ఉదయం కాఫీతో పాటు తెరిచిన నవలను భోజనం వేళ దాటిపోయినా మూయలేకపోయాను. మరియానా జపాటా 2018లో వెలువరించిన 'ఫ్రమ్ లుకోవ్ విత్ లవ్' అది. మంచు మీద బ్లేడు బూట్లతో విన్యాసాలు చేస్తూ జంటగా పోటీపడే ఇద్దరు ఫిగర్ స్కేటర్ల కథ. జోడీగా ఉన్నవాడు విడిచి వెళ్లిపోవడంతో జాస్మిన్ ఒంటరిగా మిగిలిపోతుంది. ఆమె ప్రాణస్నేహితురాలి అన్న ఇవాన్ అప్పటికే పేరుమోసిన విజేత. ఏళ్ల తరబడి ఎదురుపడినప్పుడల్లా ఆ ఇద్దరికీ మాటామాటా పెరగడం తప్ప మరొకటి లేదు. అటువంటివాడు వచ్చి, ఒక్క సీజన్‌కు తనతో కలిసి పోటీ చేయమని అడుగుతాడు.

సాధారణంగా ప్రేమకథల్లో మొదటిసారి చేయి తగలడమే ఒక ఘట్టం. ఇక్కడ రచయిత్రికి ఆ అవకాశం లేదు, ఎందుకంటే జంట స్కేటింగ్‌లో అది మొదటి రోజు సాధనతోనే అయిపోతుంది. లిఫ్ట్ అనే విన్యాసంలో అతడు ఆమెను తలపైకి ఎత్తి పట్టుకుని మంచు మీద సాగిపోవాలి. త్రో జంప్‌లో గాలిలోకి విసిరితే ఆమె గిరగిరా తిరిగి సన్నని బ్లేడు మీద ఒంటికాలితో దిగాలి. డెత్ స్పైరల్‌లో అతడి ఒక్క చేతి పట్టు ఆధారంగా ఆమె తల మంచును తాకేంత దగ్గరగా చుట్టూ తిరగాలి. ప్రాణాన్ని అప్పగించేంత నమ్మకం వృత్తిధర్మంగానే ముందు వచ్చేస్తుంది. మనసు విప్పి చెప్పడం మాత్రం ఎక్కడో చివరికి గానీ జరగదు. ఈ తలకిందుల క్రమమే నన్ను కట్టిపడేసింది. జాస్మిన్ జబ్బుపడినప్పుడు ఇవాన్ దగ్గరుండి చూసుకునే ఘట్టం నన్ను కదిలించినంతగా ఏ ముద్దు సన్నివేశమూ కదిలించలేదు.

వారపత్రికల్లో సీరియల్ నవలలు చదివి పెరిగిన ఇళ్లలో ఈ నిరీక్షణ కొత్తది కాదు. పంతాలకు పోయే నాయికా నాయకుల కోసం వారం వారం ఎదురుచూసిన అమ్మకు ఈ కథ చెబితే, "అయితే ఎప్పుడు చెబుతాడట?" అని మాత్రమే అడిగింది.

మధ్యాహ్నం షెన్ శ్యూ, జావో హోంగ్‌బో జంట పాత ప్రదర్శనలు చూశాను. 1992లో కలిసి స్కేటింగ్ మొదలుపెట్టిన ఈ చైనా జోడీ 2002, 2006 ఒలింపిక్స్‌లో కాంస్య పతకాలతో సరిపెట్టుకుంది. ఆ రెండోది, 2005లో జావో మడమ పైనున్న స్నాయువు తెగిన తరువాత కోలుకుని వచ్చి గెలిచినది. 2007లో టోక్యో ప్రపంచ పోటీల్లో అతడు మంచు మీదే మోకరిల్లి ఆమెను పెళ్లికి అడిగాడు. మరో మూడేళ్లకు, 2010లో, వాంకోవర్‌లో భార్యాభర్తలుగా స్వర్ణం గెలిచారు. ఫిగర్ స్కేటింగ్‌లో చైనాకు అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. నవలలోని నిదానం కథ కోసం చేసిన సాగతీత అని ఎవరైనా అంటే, నేను ఈ జంటను చూపిస్తాను.

కథంతా జాస్మిన్ గొంతుతోనే సాగుతుంది కాబట్టి ఇవాన్ మనసును అతడి చేతలను బట్టి మనమే ఊహించుకోవాలి. అతడు ఎప్పటి నుంచి ఆమెను ప్రేమిస్తున్నాడో పట్టుకోవాలని మొదటి అధ్యాయాలను మళ్లీ తిరగేస్తున్నాను. ఆ తగవుల మధ్యలోనే ఎక్కడో ఆనవాళ్లు ఉన్నాయని నా నమ్మకం.