పన్నుల చాప్టర్‌కు బిల్లులే నోట్స్: గ్రూప్-1, గ్రూప్-2 అభ్యర్థులకు

ఏపీపీఎస్సీ గ్రూప్-2 మెయిన్స్ రెండో పేపర్‌లో ఎకానమీ వాటా 75 మార్కులు, ప్రతి తప్పుకూ మూడో వంతు నెగెటివ్. గ్రూప్-1 మెయిన్స్‌లో అయితే ఎకానమీకే విడిగా 150 మార్కుల పేపర్ ఉంది. రెండింటిలోనూ పబ్లిక్ ఫైనాన్స్ (ప్రభుత్వ ఆదాయ వ్యయాలు) దగ్గర మార్కులు పోయేది చదవకపోవడం వల్ల కాదు, చదివే తీరు వల్ల. రేట్ల పట్టిక బట్టీ పడతారు. ప్రశ్న మాత్రం ఆ రేటు దేని మీద పడుతుంది, ఆ డబ్బు ఏ ఖజానాకు చేరుతుంది అని వస్తుంది. పైగా రేట్లు నిలవవు. 2025 సెప్టెంబర్ 3న జరిగిన 56వ జీఎస్టీ మండలి సమావేశం 12, 28 శాతం శ్లాబులను దాదాపుగా తీసేసింది. సెప్టెంబర్ 22 నుంచి ప్రధానంగా 5, 18, 40 శాతాలే నడుస్తున్నాయి. పాత నోట్స్ కొని చదివేవాళ్లు ముందు ఆ పేజీలు కొట్టేయాలి.

బాలాజీ కాలనీలోనో, ఎస్వీ యూనివర్సిటీ దగ్గర్లోనో గది తీసుకుని చదువుతున్నవాళ్లకు తిరుపతి ఇచ్చే సౌకర్యం ఒకటుంది. ఇక్కడ చేతికొచ్చే బిల్లుల్లోనే సగం సిలబస్ ఉంది. లాడ్జి బిల్లు, బంకు స్లిప్, కరెంటు బిల్లు, బియ్యం మూట లేబుల్, ఇంటి ఓనరు దగ్గరుండే ఆస్తి పన్ను నోటీసు సంపాదించండి. ఒక్కో బిల్లును ఒక్కో కాగితానికి అంటించి పక్కన నాలుగు గళ్లు గీయండి: పన్ను వేసే అధికారం ఎక్కడిది, పన్ను పడే మొత్తం ఏది, డబ్బు ఎవరికి చేరుతుంది, చివరికి ఎవరు మోస్తారు. మొదటి మూడూ పుస్తకంలో దొరుకుతాయి. నాలుగోది ఆలోచించి రాయాలి, గ్రూప్-1లో మార్కులు ఇచ్చేది దానికే.

లాడ్జి బిల్లుతో మొదలుపెట్టండి. ముందు జీఎస్టీ నంబరు చూడండి. 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్ర కోడ్: ఆంధ్రప్రదేశ్‌కు 37, తమిళనాడుకు 33, కర్ణాటకకు 29. తర్వాతి పది పాన్ నంబరు. గది అద్దె 1,400 అనుకుంటే సీజీఎస్టీ (కేంద్రం వాటా) 35, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 35, మొత్తం 1,470. చెన్నై నుంచి వచ్చిన భక్తుడు అదే గదిలో దిగితే ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య సరఫరాల మీద వేసే పన్ను, పడుతుందా? పడదు. స్థిరాస్తికి సంబంధించిన సేవల్లో ఆ ఆస్తి ఉన్న చోటే సరఫరా స్థలం అని ఐజీఎస్టీ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. కొనేవాడి రాష్ట్రంతో పని లేదు. ఆ 35 రూపాయల ఎస్‌జీఎస్టీ మన రాష్ట్రానికే వస్తుంది. చెన్నై కంపెనీ తన తమిళనాడు నంబరు మీద బిల్లు అడిగినా పన్ను ఇక్కడిదే, దాని క్రెడిట్, అంటే కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులో సర్దుకునే వీలు, వాళ్లకు అక్కడ దొరకదు. జీఎస్టీ గమ్యస్థాన ఆధారిత పన్ను (వినియోగం జరిగే చోటికి చేరేది) అని ఒక వాక్యం రాసి వదిలేసేవాళ్లు ఈ ఉదాహరణ కూడా రాస్తే జవాబు బరువు మారిపోతుంది.

అదే బిల్లులో ఇంకో పొర ఉంది. రోజుకు 7,500 వరకు ఉన్న గదుల మీద ఇంతకుముందు 12 శాతం ఉండేది, లాడ్జి యజమానికి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ దక్కేది. ఇప్పుడు 5 శాతం, క్రెడిట్ లేదు. 1,568 పడే గది 1,470కి దిగాలి కదా అనిపిస్తుంది. కానీ ఆ గది కోసం యజమాని 200 రూపాయల సేవలు 18 శాతం పన్నుతో కొంటున్నాడనుకోండి. ఇదివరకు ఆ 36 రూపాయలు సర్దుబాటు అయ్యేవి, ఇప్పుడు ఖర్చులో కలుస్తాయి. వాటిని అద్దెలో కలిపేస్తే 1,436, దాని మీద 5 శాతం, మొత్తం 1,507.80. రేటు ఏడు పాయింట్లు తగ్గినా ధర అంత తగ్గకపోవడానికి కారణం యజమాని అత్యాశ ఒక్కటే కాదు, తెగిపోయిన క్రెడిట్ గొలుసు కూడా. పన్ను మీద పన్ను అనే పాత జబ్బు చిన్న రూపంలో తిరిగొచ్చిందన్నమాట. మినహాయింపు, సున్నా రేటు మధ్య తేడా కూడా ఇక్కడే అర్థమవుతుంది. మినహాయింపు ఉన్న సరఫరాకు క్రెడిట్ రాదు. ఎగుమతులకు, శ్రీసిటీ లాంటి సెజ్‌లకు (ప్రత్యేక ఆర్థిక మండళ్లకు) పంపే సరుకుకు సున్నా రేటు, కాబట్టి వెనకాల కట్టిన పన్ను తిరిగొస్తుంది. పరీక్షలో ఈ రెండింటినీ ఒకటే అనుకుని గుర్తు పెట్టేవాళ్లు చాలామంది.

900 రూపాయల గదులు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. ఆలయ ప్రాంగణంలో, ఆదాయపు పన్ను చట్టం కింద ధార్మిక సంస్థగా నమోదైన ట్రస్టు ఇచ్చే గదికి రోజుకు 1,000 రూపాయల లోపు అయితే జీఎస్టీ లేదు. అదే 900 గది బయట లాడ్జిలో 2022 జూలై 17 వరకు మినహాయింపులో ఉండేది, మర్నాటి నుంచి 12 శాతం, ఇప్పుడు 5 శాతం. ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటని చిన్న లాడ్జి అసలు నమోదే చేసుకోనక్కర్లేదు, అలాంటప్పుడు పన్ను వసూలు చేసే హక్కూ ఉండదు. ఒకే అద్దె, మూడు రకాల పన్ను. పన్నుల్లో సమానత్వం గురించి ప్రశ్న వస్తే ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇక బంకు స్లిప్. పెట్రోలు, డీజిల్, ముడిచమురు, సహజవాయువు, విమాన ఇంధనం రాజ్యాంగం ప్రకారం జీఎస్టీ పరిధిలోనివే. అయితే మండలి తేదీ సిఫార్సు చేసేదాకా పన్ను పడదు, 279ఎ(5) చూడండి. మద్యం సంగతి వేరు, దాన్ని 366(12ఎ) నిర్వచనంలోనే బయట పెట్టారు. ఈ తేడా మీద స్టేట్‌మెంట్ ప్రశ్న ఎప్పుడైనా రావచ్చు.

2025 ఏప్రిల్ 8 పెంపు తర్వాత లీటరు పెట్రోలు మీద కేంద్ర ఎక్సైజ్ 21.90 రూపాయలు అయింది. విడగొడితే మూల ఎక్సైజ్ 1.40, ప్రత్యేక అదనపు ఎక్సైజ్ (ఇది సర్‌చార్జీ కిందికే వస్తుంది) 13, వ్యవసాయ మౌలిక సెస్సు 2.50, రోడ్డు మౌలిక సెస్సు 5. రాష్ట్రాలతో పంచుకునేది మొదటి 1.40 మాత్రమే, ఎందుకంటే 270వ అధికరణ సెస్సులనూ సర్‌చార్జీలనూ పంపిణీ నిధికి బయట ఉంచింది. 15వ ఆర్థిక సంఘం (2021-26) లెక్కలో రాష్ట్రాలన్నింటికీ 41 శాతం, అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం. 1.40లో 41 శాతం 57 పైసలు, అందులో మన వాటా రెండు పైసల పైచిలుకు. లీటరుకు 21.90 కేంద్రానికి వెళ్తే పంపిణీలో మనకు తిరిగొచ్చేది ఇది. సెస్సుల పెరుగుదలతో రాష్ట్రాల నష్టం అనే అంశం మీద రెండు పేజీల వ్యాసం కన్నా ఈ ఒక్క లెక్క గట్టిగా నిలబడుతుంది.

అది కేంద్రం వాటా. రాష్ట్ర వ్యాట్ (అమ్మకం మీద రాష్ట్రం వేసే పన్ను) 2025 పట్టికల్లో పెట్రోలుపై 31 శాతం, దానికి తోడు లీటరుకు 4 రూపాయలు, మళ్లీ ఒక రూపాయి రోడ్డు సెస్సు. తమిళనాడులో 13 శాతం, లీటరుకు 11.52 రూపాయలు. కర్ణాటకలో 29.84 శాతం. శాతం లెక్కన వేసే పన్ను, లీటరుకు ఇంత అని వేసే పన్ను ఎలా ప్రవర్తిస్తాయో ఇక్కడ చూడాలి. శాతం వ్యాట్ ఎక్సైజ్‌తో కలిపిన ధర మీద పడుతుంది. కేంద్రం రెండు రూపాయలు తగ్గిస్తే మన దగ్గర 2.62 తగ్గుతుంది, పోయిన ఆ 62 పైసలు రాష్ట్ర ఖజానావి. తమిళనాడులో పోయేది 26 పైసలే. ముడిచమురు ధర పడిపోయినప్పుడూ అంతే, శాతం మీద ఆధారపడిన ఖజానాకు ఒడిదుడుకులు ఎక్కువ. రాష్ట్రాలు స్థిర మొత్తాన్ని జోడించడం వెనక ఉన్న తర్కం ఇదే.

చిత్తూరు జిల్లా రెండు రాష్ట్రాల సరిహద్దుల మధ్య ఉంది. పలమనేరు, కుప్పం వైపు లారీలు కర్ణాటకలో ట్యాంకు నింపుకుంటాయి, నగరి వైపు తమిళనాడు బంకులు దగ్గర. రాష్ట్రం మొత్తంగా పెట్రోలు డిమాండుకు వ్యాకోచం తక్కువ, అంటే ధర పెరిగినా కొనుగోలు పెద్దగా తగ్గదు, అందుకే ప్రభుత్వాలకు అది ఇష్టమైన ఆదాయం. సరిహద్దు బంకు దగ్గర మాత్రం అదే డిమాండు బాగా వ్యాకోచించేది, పది కిలోమీటర్ల దూరంలో ప్రత్యామ్నాయం ఉంది కాబట్టి. వ్యాకోచత్వం వస్తువుకుండే శాశ్వత గుణం కాదు, ప్రత్యామ్నాయం ఎంత దగ్గరుందన్న దాన్ని బట్టి మారుతుంది. ఆ మాట పెట్రోలు ఉదాహరణతో రాయండి.

బియ్యం మూట త్వరగా అయిపోతుంది. 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోలు, అంతకు తక్కువైతే 5 శాతం. 25 దాటితే లేదు. అందుకే అంగళ్లలో 26 కిలోల మూటలు వచ్చాయి. కిలో 60 అనుకుంటే 25 కిలోల మూట పన్నుతో 1,575, 26 కిలోలది 1,560. ఒక కిలో ఎక్కువ, ధర తక్కువ! పన్ను గీత ఎక్కడ గీస్తే వ్యాపారి ఆ గీత దాటి నిలబడతాడు. నెలకు అయిదు కిలోలు కొనుక్కునే ఇల్లు మాత్రం ప్యాకెట్‌కు పన్ను కట్టాల్సిందే, లేదా విడి బియ్యం తీసుకోవాలి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల మీద ఎక్కువ బరువు వేసే తిరోగామి పన్ను అంటే ఏమిటో ఇంకెక్కడా వెతకొద్దు.

సబ్సిడీ భారం, లబ్ధి గురించి అడిగితే తోతాపురి మామిడి గురించి రాయండి. 2025 సీజన్లో కిలోకు 12 రూపాయలు అందేలా ప్రభుత్వం నిర్ణయించింది: పల్ప్ ఫ్యాక్టరీ 8, సబ్సిడీ 4. కాయ పండిందంటే ఆగదు, దాచుకోలేం, కాబట్టి స్వల్పకాలంలో సరఫరా రేఖ దాదాపు నిలువుగా ఉంటుంది. సిద్ధాంతం ప్రకారం వ్యాకోచం లేని వైపుకే సబ్సిడీ లాభం చేరుతుంది, అంటే రైతుకే చేరాలి. అయితే ఆ సిద్ధాంతం కొనేవాళ్లు చాలామంది ఉన్నారనుకుంటుంది. కొనేవాళ్లు కొద్దిమందే ఉండి కాయలు కొనే ర్యాంపుల దగ్గర ట్రాక్టర్లు వరుస కడితే 8 బదులు 6 అంటారు. రైతుకు మొత్తం 10 వస్తుంది, సబ్సిడీలో రెండు రూపాయలు ఫ్యాక్టరీ వైపు జారిపోయినట్టే. కాబట్టి నిఘా ఉండాల్సింది ప్రభుత్వం ఇచ్చే 4 మీద కన్నా ఫ్యాక్టరీ ఇవ్వాల్సిన 8 మీద. అదే జూన్‌లో పొరుగు రాష్ట్రాల తోతాపురిని చిత్తూరు జిల్లాలోకి రానివ్వకుండా ఆపడం, కర్ణాటక ముఖ్యమంత్రి అభ్యంతరం చెప్పడం గుర్తుండే ఉంటుంది. దాన్ని రాష్ట్రాల మధ్య వ్యాపార స్వేచ్ఛ, దాని పరిమితుల గురించి చెప్పే 301, 304 అధికరణలకు ముడిపెట్టి రాస్తే పాలిటీ పేపర్‌కూ పనికొస్తుంది.

జీఎస్టీ మండలి ఓట్లు బట్టీ పట్టకండి, లెక్క వేయండి. కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నింటికీ కలిపి మూడింట రెండు వంతులు, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. శాసనసభ ఉన్న మూడు కేంద్రపాలిత ప్రాంతాలతో కలిపి రాష్ట్రాల వైపు 31 మంది సభ్యులు, అందరూ హాజరైతే ఒక్కొక్కరి ఓటు 2.15 శాతం. 11 రాష్ట్రాలు వ్యతిరేకించినా 23.7 శాతమే, తీర్మానం ఆగదు. 12 కలిస్తే 25.8, ఆగిపోతుంది. కేంద్రం ఒక్కటే ఆపగలదు, కానీ ఒక్కటే నెగ్గలేదు. మండలి సిఫార్సులకు కట్టుబడాల్సిందేనన్న నియమం లేదని 2022లో మోహిత్ మినరల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఈ లెక్క చివర ఆ తీర్పు రాయాలి.

ఆదాయపు పన్నులో ఎక్కువగా బోల్తా పడేది 12 లక్షల గీత దగ్గర. 2025-26 కొత్త విధానంలో ఆ గీత వరకు రిబేటు 60,000, అంటే పన్ను సున్నా. 12,10,000 ఉంటే శ్లాబుల ప్రకారం 61,500 అవుతుంది, కానీ మార్జినల్ రిలీఫ్ వల్ల అదనపు ఆదాయమైన 10,000కు మించి పన్ను వేయరు. 4 శాతం సెస్సుతో 10,400. ఈ ఊరట దాదాపు 12,70,588 దగ్గర ముగుస్తుంది, పైన అదనంగా వచ్చిన మొత్తమూ శ్లాబు పన్నూ అక్కడ సమానమవుతాయి. ఒకసారి చేత్తో సాధించండి.

లోటుల విషయంలో కూడా నిర్వచనం కన్నా తీసివేత ముఖ్యం. 2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాల్లో ద్రవ్యలోటు (ఏడాదికి కావాల్సిన కొత్త అప్పు) 15.69 లక్షల కోట్లు, వడ్డీలు 12.76 లక్షల కోట్లు, మిగిలే 2.93 ప్రాథమిక లోటు. రెవెన్యూ లోటు 5.24. కొత్త అప్పులో ఎక్కువ భాగం పాత వడ్డీకి సరిపోతోందని ఆ మొదటి రెండు అంకెలే చెబుతాయి.

కరెంటు బిల్లులో పన్ను అన్నది విద్యుత్ సుంకం ఒక్కటే, రాష్ట్ర జాబితా 53వ అంశం. ఇళ్లకు యూనిట్‌కు 6 పైసలు, వ్యాపారాలకు 2022 నుంచి రూపాయి. మిగతా గీతలన్నీ ధర. ఆస్తి పన్ను 49వ అంశం, 2021 నుంచి మూలధన విలువ మీద లెక్క, ఏడాదికి 15 శాతానికి మించి పెరగకూడదు, ఏప్రిల్‌లోనే మొత్తం కడితే 5 శాతం రాయితీ. వృత్తి పన్ను 60వ అంశం, 276వ అధికరణ ప్రకారం ఏడాదికి 2,500 దాటకూడదు. మన దగ్గర జీతం 20,000 దాటితే నెలకు 200.

ప్రతి రేటు పక్కన అది అమల్లోకి వచ్చిన తేదీ రాసుకోండి. పరీక్షకు ముందు జీఎస్టీ మండలి ప్రెస్ నోట్లు, పీపీఏసీ (కేంద్ర పెట్రోలియం శాఖ గణాంక విభాగం) పెట్రోలు పన్నుల పట్టిక, ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్, రాష్ట్ర సామాజిక ఆర్థిక సర్వే వరుసగా తిరగేసి, మారిన గడిని మాత్రం ఎర్ర ఇంకుతో దిద్దండి. పాత అంకెను కొట్టేయొచ్చు కానీ చెరపొద్దు, ఎంత నుంచి ఎంతకు మారిందన్నదే ప్రశ్నగా వస్తుంది.