సిండోపా 110, 125, 275: పార్కిన్సన్స్ మాత్ర మారిన ఇంట్లో మొదటి నెల

మందు మారిన వారానికే ఇంట్లో వినబడే మాట ఒకటి ఉంది: "ఈ కొత్త మాత్ర పడట్లేదు." పడకపోవడమంటే ఏంటో ముందు తేల్చుకోవాలి. డోసు ఎక్కువైందా? చాలడం లేదా? టైము తప్పుతోందా? లేక ఇంకో డాక్టరు ఇంకో జబ్బుకు రాసిన మాత్ర దీనికి అడ్డం పడుతోందా? ఇవేవీ తేల్చకుండా మాత్ర మానేయడమే అన్నిటికన్నా ప్రమాదం.

అన్నిటికన్నా ముందు స్ట్రిప్ మీది అంకె చూడండి. మన దగ్గర ఎక్కువగా రాసేది లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర. సిండోపా పేరుతో వచ్చేవాటిలో ఆ అంకె రెండు మందుల కూడిక. 110 అంటే లెవోడోపా 100 మి.గ్రా., కార్బిడోపా 10. సిండోపా ప్లస్ 125 అంటే 100, 25. 275 అంటే 250, 25. 275ని సగానికి విరిస్తే 125 వచ్చినట్టే కదా అని లెక్క వేసేవాళ్లున్నారు. కానీ ఆ సగంలో ఉండేది లెవోడోపా 125, కార్బిడోపా పన్నెండున్నర. అది వేరే డోసు.

మెదడుకు చేరి, కదలికలకు కావాల్సిన డోపమిన్ అనే రసాయనంగా మారి పనిచేసేది లెవోడోపా. కార్బిడోపా తనంతట తాను వణుకు తగ్గించదు. లెవోడోపా మెదడుకు చేరకముందే పేగుల్లో, రక్తంలో డోపమిన్‌గా మారిపోకుండా కాపలా కాయడమే దాని పని. ఆ కాపలా గట్టిగా ఉండాలంటే రోజుకు 70 నుంచి 100 మి.గ్రా. కావాలి. 125 మూడు పూటలా వేస్తే 75 అందుతుంది. 110 మూడు పూటలా వేస్తే అందేది 30. అప్పుడు లెవోడోపా బయటే డోపమిన్‌గా మారి, వాంతి తెప్పించే కేంద్రాన్ని తాకుతుంది. మెదడు మిగతా భాగాలకు రక్తం వైపు నుంచి ఉండే అడ్డుగోడ ఆ కేంద్రానికి లేదు. అందుకే షాపులో "125 లేదండీ, ఇదీ అదే మందు" అని 110 చేతిలో పెడితే, లెవోడోపా ఒక్క మిల్లీగ్రాము మారకపోయినా వికారం మొదలవుతుంది. ఇంటికి వచ్చాక పాత స్ట్రిప్, కొత్త స్ట్రిప్ పక్కపక్కన పెట్టి రెండు మందుల అంకెలూ పోల్చండి.

స్ట్రిప్ సరైనదే అయినా మొదటి రెండు మూడు వారాలు కడుపులో తిప్పడం మామూలే. మాత్రతో రెండు మేరీ బిస్కెట్లో, ఒక అరటిపండో తింటే చాలామందికి సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే డాక్టర్లు కొన్నాళ్లు డోంపెరిడోన్ 10 మి.గ్రా. రాస్తారు. గుండె జబ్బు ఉంటే ఆ మాట ముందే చెప్పాలి. "లెవోడోపా ఇంత కొంచెం కొంచెం పెంచడమేంటి, ఒకేసారి పెంచొచ్చుగా" అనేవాళ్లకు ఒక పాత సంగతి. 1967లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ లాబొరేటరీలో జార్జ్ కొట్జియాస్ అనే డాక్టరు ఈ మందును వారాల తరబడి మెల్లగా పెంచుకుంటూ పోయి రోజుకు గ్రాముల లెక్కన ఇవ్వగలిగాడు. చికిత్స నిలబడింది అలాగే. కార్బిడోపా వచ్చాక గ్రాములు మిల్లీగ్రాములయ్యాయి గానీ మెల్లగా పెంచే పద్ధతి మాత్రం పోలేదు.

ఇక టైము. చీటీ మీద 1-1-1 అని ఉంటే మన ఇళ్లలో టిఫిన్ తర్వాత, భోజనం తర్వాత, రాత్రి అన్నం తర్వాత అని అర్థం. షుగరు మాత్రలకు అది ఎలా ఉన్నా ఈ మందుకు కుదరదు. లెవోడోపా రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు గంటన్నర చాలు. పైగా అది పేగు గోడ దాటే దారి, పప్పు, గుడ్డు, మాంసం, పెరుగు అరిగాక వచ్చే అమైనో ఆమ్లాల దారి ఒకటే. ముద్దపప్పు, పెరుగన్నం తిన్న వెంటనే మధ్యాహ్నం రెండింటికి వేసిన మాత్ర ఆ రద్దీలో చిక్కుకుని నాలుగింటికి గానీ అందదు. ఒక్కోసారి అసలు అందదు. డాక్టరు దగ్గర పూటలు కాదు, గడియారం గంటలు రాయించుకోండి. తిండికి అరగంట ముందు, లేదా తిన్న గంట తర్వాత, నిండు గ్లాసు నీళ్లతో. వికారానికి పైన చెప్పిన బిస్కెట్టు, అరటిపండు దీనికి అడ్డం కావు. ఐరన్ మాత్ర ఉంటే మధ్యలో కనీసం రెండు గంటల ఎడం. పప్పు, గుడ్డు మానేయమని కాదు, పార్కిన్సన్స్‌లో బరువు తగ్గేవాళ్లే ఎక్కువ. పగలు మాత్ర పనిచేయని వాళ్లు వాటిని ఎక్కువగా రాత్రి భోజనానికి జరుపుకుంటే సరిపోతుంది.

డోసు పెరిగాక వచ్చే పెద్ద పొరపాటు కదలికలను తప్పుగా చదవడం. వణుకు ఒకే లయలో ఉంటుంది, చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడు కనబడుతుంది, మాత్ర ప్రభావం తగ్గినప్పుడు పెరుగుతుంది. మందు వల్ల వచ్చే అదుపులేని ఊగుడును డిస్కైనీసియా అంటారు. దానికి లయ ఉండదు. తల, భుజాలు, నడుము మెలికలు తిరుగుతూ ఊగుతాయి. ఎక్కువగా మాత్ర వేసిన గంటా గంటన్నరకు, అంటే మందు బాగా ఎక్కి ఉన్న వేళ వస్తుంది. దీన్ని వణుకు అనుకుని ఇంకో అర మాత్ర ఇస్తే ఊగడం రెట్టింపవుతుంది. కొందరికి మందు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కూడా వస్తుంది కాబట్టి గుర్తు కన్నా గడియారమే నమ్మకం.

అందుకే ఒక కాగితం. ఎడమవైపు ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా గంటలు. మాత్ర వేసిన నిమిషం, తిన్న నిమిషం రాయాలి. ప్రతి గంటకూ ఒక గుర్తు: బాగా కదులుతున్నారు, బిగుసుకుపోయారు, ఊగుతున్నారు, నిద్ర. డాక్టరును కలవబోయే ముందు వరసగా మూడు రోజులు రాస్తే చాలు, నెలంతా అక్కర్లేదు. బిగుసుకుపోయినప్పుడు అర నిమిషం ఫోన్‌లో వీడియో తీయండి. ఆసుపత్రికి వెళ్లేసరికి మనిషి చక్కగా నడుస్తుంటారు, ఇంట్లో జరిగేది డాక్టరుకు కనబడదు.

లేవగానే కళ్లు తిరగడం మరో రకం. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే అది లేచినప్పుడు బీపీ తగ్గడమే. కూర్చోబెట్టి చూసిన బీపీలో ఇది దొరకదు. ఏళ్ల కిందట మొదలుపెట్టిన బీపీ మాత్ర ఇంకా అదే డోసులో నడుస్తుంటే దాన్ని తగ్గించాలేమో అడగాలి. ఎండాకాలంలో ఇది ఎక్కువవుతుంది. గుండెకు, కిడ్నీలకు అడ్డు లేకపోతే గబగబా రెండు గ్లాసుల నీళ్లు తాగడం, మంచానికి తలవైపున్న కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తడం పనికొస్తాయి.

ఆ కళ్లు తిరుగుడుకే వీధి చివర క్లినిక్‌లో స్టెమెటిల్ రాస్తారు. వాంతికి పెరినార్మ్, గ్యాసుకు లెవోసల్పిరైడ్ కలిసిన క్యాప్సూల్. ఇవన్నీ మెదడులో డోపమిన్ దారిని మూసేవే. గ్యాసు క్యాప్సూల్ సంగతి ఎవరికీ అనుమానం కూడా రాదు, ఖాళీ కడుపున వేసుకునే మామూలు మాత్రనుకుంటారు. తలతిప్పుడికి ఇచ్చే సినారిజిన్, ఫ్లునారిజిన్ కూడా ఈ కోవలోవే. భ్రమలు వచ్చినప్పుడు హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ కూడదు. అవసరమైతే న్యూరాలజిస్టులు క్వెటియాపిన్ గానీ, రక్తపరీక్షలు చేయిస్తూ క్లోజపిన్ గానీ వాడతారు. పార్కిన్సన్స్‌కే ఇచ్చే రసాజిలిన్ అనే ఇంకో మందు వేసుకునేవాళ్లకు ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సిరప్ పడవు.

డోపమిన్‌లా పనిచేసే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు మొదలుపెట్టినా పెంచినా చూడాల్సింది ఒంటి కన్నా నడవడిక. 2010లో వెలువడిన 3,090 మంది రోగుల అధ్యయనంలో, ఈ జాతి మందులు వాడేవారిలో 17.1 శాతం మందికి అదుపులేని కోరికలు కనబడ్డాయి: జూదం, కొనుగోళ్లు, తిండి, లైంగిక వాంఛ. మన ఇళ్లలో ఇది ఫోన్‌లో రమ్మీ ఆటగానో, అర్ధరాత్రి ఆర్డర్లుగానో కనబడొచ్చు. "ఈ వయసులో నాన్నకు ఇదేం బుద్ధి" అని తిట్టుకునే ముందు మందు మారిన తేదీ చూడండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు, సిగ్గు. ఇంట్లోవాళ్లే డాక్టరుకు చెప్పాలి. ఉన్నట్టుండి కునుకు పట్టడం కూడా ఈ మందులతో వస్తుంది కాబట్టి మొదటి వారాల్లో స్కూటర్ తాళాలు తీసి పెట్టండి. మందు తీసేయాల్సి వచ్చినా మెట్లు దిగినట్టు తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే ఆందోళన, దిగులు పట్టుకుంటాయి.

మిగతా పార్కిన్సన్స్ మందుల సంగతి క్లుప్తంగా. పాసిటేన్ డెబ్బై దాటినవాళ్లకు మతిమరుపు, తికమక తెస్తుంది, మూత్రం బిగపడుతుంది. అమాంటడిన్‌తో కాళ్ల మీద వల అల్లినట్టు ఊదారంగు మచ్చలు, పాదాల వాపు రావచ్చు. సాయంత్రం వేస్తే నిద్ర చెడుతుంది. ఎంటకాపోన్‌తో మూత్రం నారింజ రంగులోకి మారితే భయం లేదు, అదే మందుతో విరేచనాలు ఆగకపోతే మాత్రం చెప్పాలి. దాన్ని కలిపాక ఊగడం పెరిగితే లెవోడోపా కొంచెం తగ్గించాల్సి ఉంటుంది.

దూలగొండి పొడి గురించి ఒక మాట. ఆ గింజల్లో ఉండేది లెవోడోపానే. మాత్రలతో పాటు అదీ తీసుకుంటే, ఎంత వెళ్తోందో తెలియని ఇంకో డోసు కలిపినట్టే. ఎవరి సలహా మీద తీసుకుంటున్నా న్యూరాలజిస్టుకు చెప్పండి.

ఆపరేషన్ ఉందని, ఉపవాసమని, ఊరెళ్లి మాత్రలు మర్చిపోయామని లెవోడోపా ఒక్కసారిగా ఆగిపోతే జ్వరం, కొయ్యబారిపోవడం, స్పృహ తప్పినట్టు మాటలు రావచ్చు. అది ప్రాణం మీదకు వచ్చే పరిస్థితి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆపరేషన్ రోజు ఉదయం మాత్ర గుక్కెడు నీళ్లతో వేయొచ్చా అని మత్తు డాక్టరును ముందు రోజే అడగండి. మింగలేని స్థితి వస్తే ముక్కు గొట్టం ద్వారా మామూలు మాత్రను పొడి చేసి ఇస్తారు. పేరు పక్కన సీఆర్ అని ఉన్నదాన్ని మాత్రం నూరకూడదు. అది మెల్లగా వదలాల్సిన మందు, నూరితే అంతా ఒక్కసారే వదులుతుంది. మామూలు మాత్రతో పోలిస్తే దానిలోని లెవోడోపా ఒంటికి అందేది దాదాపు 70 శాతమే. కాబట్టి వార్డులో ఒకదాని బదులు ఇంకోటి ఇస్తుంటే డోసు లెక్క మళ్లీ వేయమని అడగాలి. గంటల కాగితం నకలు ఒకటి కేసు షీటుకు పిన్ చేయించండి, డ్యూటీ మారినా నర్సమ్మకు కనబడుతుంది.